ధర తగ్గింది బండికే, భాగాలకు కాదు

"బానెట్ మీద చెయ్యి పెట్టు తమ్మీ" అంటాడు మెకానిక్.

మా మేనల్లుడు అరచెయ్యి ఆనిస్తాడు. రేకు చల్లగా ఉంది. మెకానిక్ కిందికి వంగి సైలెన్సర్ గొట్టాన్ని కూడా వేళ్లతో తడిమి చూస్తాడు. అదీ చల్లగానే ఉంది. "మంచిది. పొద్దుగాల ఎవ్వరు స్టార్ట్ చెయ్యలే" అని లేస్తాడు.

ఆదివారం ఉదయం ఆరున్నర. పంజాగుట్టలో మోడల్ హౌస్ వైపు ఒక సందులో, పాత కార్లు అమ్మే చోట నిలబడి ఉన్నాం. ఆవల పెద్ద రోడ్డు మీద అంబులెన్సు ఒకటి నిమ్స్ వైపు వెళ్తోంది. మెట్రో వంతెన కింద ఊడ్చేవాళ్ల చీపుళ్ల చప్పుడు కూడా వినిపిస్తోంది. ఇంకో మూడు గంటలు పోతే ఈ సందులో ఇంజన్ చప్పుడు వినడం ఎవరి తరమూ కాదు. ఇంత పెందలాడే రావడానికి అదొక కారణం. అసలు కారణం వేరు. ఒకసారి వేడెక్కిందంటే ఏ ఇంజనైనా తన జబ్బును దాచుకుంటుంది.

మా ముందున్నది తెల్లటి బీఎండబ్ల్యూ ఎక్స్1, 2013 మోడల్, డీజిల్, ఎనిమిది గేర్ల ఆటోమేటిక్. మీటరు 82 వేల కిలోమీటర్లు చూపిస్తోంది. చెప్పిన ధర 7 లక్షలు. కొత్తగా రోడ్డెక్కిన రోజున దీని ఖరీదు ముప్పై లక్షల పైమాటే. 2010 డిసెంబరులో ఈ మోడల్ మన దేశానికి వచ్చినప్పుడు షోరూమ్ ధర 22 లక్షల దగ్గర మొదలైంది. చెన్నై దగ్గర బిగించి అమ్మడం వల్ల ఆ ధర సాధ్యపడింది. రెండేళ్లు తిరక్కుండానే, 2012లో, ఆడీ క్యూ3 వచ్చింది. పెద్ద కంపెనీ బొమ్మ ఉన్న ఎత్తు బండి పై మధ్యతరగతికి అందే దూరంలోకి వచ్చింది అప్పుడే. ఆ రోజుల్లో కొన్నవాళ్లు వాటిని ఎప్పుడో మార్చేసుకున్నారు. ఆ బండ్లే ఇప్పుడు రెండో చేతికో మూడో చేతికో పోవడానికి ఇలాంటి సందుల్లో వరసగా నిలబడి ఉన్నాయి.

మా వాడిది అమీర్‌పేటలో మొదలైన బతుకు. ఊరి నుంచి వచ్చి ఎస్సార్ నగర్ హాస్టల్లో ఉండి, మైత్రీవనంలో కోర్సు నేర్చుకుని ఉద్యోగం తెచ్చుకున్నాడు. రోడ్డు దాటుతున్నప్పుడు సిగ్నల్ దగ్గర ఆగిన ఇలాంటి బండ్లను చూసి, ఎప్పటికైనా ఒకటి కొనాలనుకున్నాడట. ఆ కోరికను తేలిగ్గా తీసిపారేసే హక్కు నాకు లేదు. కష్టపడ్డవాడికి ముచ్చట ఉంటుంది. ఆ ముచ్చట వాణ్ని అప్పులపాలు చెయ్యకుండా చూసుకోవాలనే నేను వెంట వచ్చాను.

"మామయ్యా, స్టార్ట్ చెయ్యనా?"

"అన్న చెప్పేదాకా ఆగరా."

మెకానిక్ బానెట్ ఎత్తి, ఇంజన్ పై కప్పు ఊడదీస్తాడు. చేతిలో పొడుగాటి స్క్రూడ్రైవర్. దాని మొనను ఇంజన్ వెనక భాగంలో, డ్యాష్‌బోర్డు గోడకు దగ్గరగా ఆనించి, పిడిని చెవికి నొక్కి పట్టుకుంటాడు. "ఇగ కొట్టు."

ఒక్క తిప్పుడుకే ఇంజన్ అందుకుంటుంది. మొదటి రెండు సెకన్లు బరువుగా దడదడలాడి సర్దుకుంటుంది. గొట్టంలోంచి పల్చటి పొగ వచ్చి ఆగిపోతుంది. మెకానిక్ కళ్లు మూసుకుని వింటున్నాడు. "1500 మీద పట్టు... ఇంకొంచెం... ఆగు, గంతే." ఆ తర్వాత స్క్రూడ్రైవర్ నాకిస్తాడు. "మీరు కూడ ఇనుండ్రి సార్. టిక్కు టిక్కుమని సమానంగ వచ్చేది ఇంజెక్టర్ల సప్పుడు. దానెనక రాపిడి లెక్క, ఇసుక మీద గొలుసు గుంజినట్టు వస్తే చైన్."

పిడి చెవికి ఆనించగానే ఇంజన్ తల లోపలే తిరుగుతున్నట్టుంటుంది. టిక్కు టిక్కు తప్ప రాపిడి ఏమీ లేదు. మా వాడి ముఖం వెలుగుతుంది.

ఈ వినికిడికి ఇంత శ్రద్ధ ఎందుకో చెప్పాలి. ఈ బండిలో ఉన్న రెండు లీటర్ల డీజిల్ ఇంజన్ పేరు ఎన్47. 2007 నుంచి బీఎండబ్ల్యూ దీన్ని చాలా మోడళ్లలో వాడింది. చాలా ఇంజన్లలో టైమింగ్ చైన్ ముందు వైపు, రేడియేటర్ దగ్గర ఉంటుంది. ఎన్47లో దాన్ని వెనక, గేర్‌బాక్స్ వైపు పెట్టారు. చైన్ సాగినా, దాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ గైడ్‌లు అరిగి విరిగినా ముందు రాపిడి చప్పుడు వస్తుంది. పట్టించుకోకుండా నడిపితే చైన్ తెగుతుంది. అప్పుడు వాల్వులు, పిస్టన్లు ఒకదాన్నొకటి కొట్టుకుని ఇంజన్ పాడవుతుంది. చైన్ మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి, లేదంటే ఇంజన్నే బయటికి తియ్యాలి. అంటే భాగం ఖరీదు ఒక లెక్క, అక్కడికి చెయ్యి చేరడానికయ్యే కూలి అంతకు మించిన లెక్క. 2011కు ముందు తయారైన ఇంజన్లలో ఈ బెడద ఎక్కువ. తర్వాత వచ్చినవాటిలో కొన్ని మార్పులు చేశారు. అయినా పన్నెండేళ్లు దాటిన బండి దగ్గర తారీఖును నమ్ముకోవడం కంటే చెవిని నమ్ముకోవడం మేలు.

"చైన్ ఇప్పటికి మంచిగుంది" అంటాడు మెకానిక్. "ఇప్పటికి" అన్న మాటను నొక్కి పలుకుతాడు.

అమ్మే మనిషి తాళం చేతికిచ్చి, "నిదానంగా చూసుకోండి సార్, తొందరేం లేదు" అంటాడు. మర్యాదస్తుడు. లిఫ్టు మీద ఎక్కించి చూస్తామంటే కాదనలేదు. ఆ ఒక్క మాటకే కాదనేవాడి దగ్గర బండి కొనకూడదు.

పంజాగుట్ట నుంచి అమీర్‌పేటకు మెట్రో వంతెన నీడలోనే దారి. మా వాడు నడుపుతున్నాడు, పక్కన మెకానిక్, వెనక నేను. పాత బండి అయినా తలుపు మూసినప్పుడు వచ్చిన బరువైన చప్పుడు, స్టీరింగ్ పట్టు, సీటు ఒడి ఇవేవీ పాతబడలేదు. ఇందులో కూర్చున్న ఎవరికైనా మనసు కరుగుతుంది. దీని మీద నాకూ ప్రేమ ఉంది. అందుకే దీని లోపాలు కూడా తెలియాలంటున్నాను.

సిగ్నల్ దగ్గర బండి నెమ్మదిస్తుంటే, మూడో గేరు నుంచి రెండుకు దిగేటప్పుడు వెనక నుంచి చిన్న తోపు తగులుతుంది. మా వాడు గమనించలేదు. మెకానిక్ వేలెత్తి, "చూసిన్రా?" అంటాడు. మళ్లీ బయలుదేరి, మళ్లీ ఆపమంటాడు. మళ్లీ అదే తోపు. స్పీడ్‌బ్రేకర్ మీద ఎడమ ముందు చక్రం దగ్గర "టక్" మంటుంది. గుంతలో పడినప్పుడు మళ్లీ టక్. అమీర్‌పేట చౌరస్తా దాటి, పాత సత్యం థియేటర్ స్థలంలో కట్టిన మల్టీప్లెక్సు వైపు చూపు కూడా తిప్పకుండా, మెకానిక్ ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని కేబుల్‌ను స్టీరింగ్ కింది సాకెట్‌లో గుచ్చుతాడు.

తెర మీద అంకెలు మారుతున్నాయి. ఇంజన్ నీళ్ల వేడి 72 దగ్గర ఆగిపోయింది. మైత్రీవనం దాటి ఎస్సార్ నగర్ వైపు వచ్చినా అంతే. "88, 90 రావాలి సార్ ఇది. థర్మోస్టాట్ తెరుచుకునే ఉంటుంది" అంటాడు. వేడి తక్కువుంటే మంచిదే కదా అని మా వాడి అనుమానం. మంచిది కాదు. చల్లటి ఇంజన్ డీజిల్ ఎక్కువ తాగుతుంది, మసి ఎక్కువ చేస్తుంది. ఆ మసి, పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వులోనూ, గాలి లోపలికి వెళ్లే మానిఫోల్డ్‌లోనూ పేరుకుంటుంది. పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉన్న డీజిల్ బండ్లలో ఆ మసిని కాల్చి బూడిద చెయ్యడానికి ఇంజన్ బాగా వేడెక్కి, కొంతసేపు ఆగకుండా పరుగెత్తాలి. పంజాగుట్ట నుంచి అమీర్‌పేటకు, అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు సిగ్నల్ సిగ్నల్‌కూ ఆగుతూ తిరిగే బండికి ఆ అవకాశం ఎప్పుడూ రాదు. అవుటర్ రింగు రోడ్డు మీద వారానికొక్క పరుగైనా లేని డీజిల్ లగ్జరీ బండి ఊపిరాడక చెడిపోతుంది.

ఈజీఆర్ సంగతి చిన్నది కాదు. 2018లో దక్షిణ కొరియాలో బీఎండబ్ల్యూ డీజిల్ కార్లు వరసగా కాలిపోయాయి. ఈజీఆర్ కూలర్ నుంచి కూలెంట్ కారి, లోపలి మసితో కలిసి పేరుకుని, వేడికి అంటుకుందని తేలింది. అక్కడ లక్షకు పైగా కార్లను వెనక్కి పిలిచారు. ఆ తర్వాత ఇతర దేశాల్లోనూ పిలిచారు. టకాటా ఎయిర్‌బ్యాగుల గొడవ ఇంకా పెద్దది. లోపలి మందు పాతబడి, ఎయిర్‌బ్యాగు తెరుచుకున్నప్పుడు ఇనుప ముక్కలు ఎగిరి మనుషుల ప్రాణాలు తీశాయి. ఆ దెబ్బకు 2017లో కంపెనీయే దివాలా తీసింది. అమెరికాలో వెనక్కి పిలిచిన బండ్ల జాబితాలో ఈ ఎక్స్1 కూడా ఉంది. కాబట్టి పాత బండి కొనేవాళ్లు చాసిస్ నంబరు రాసుకుని, దాని మీద పెండింగ్ రీకాల్ ఏమైనా ఉందా అని కంపెనీ సర్వీస్ సెంటర్లో అడగాలి. రీకాల్ పనికి డబ్బు తీసుకోరు. అడిగితేనే తెలుస్తుంది.

బల్కంపేట వైపు వెళ్లే సందులో మెకానిక్ గ్యారేజీ. షట్టర్ ఎత్తి, బండిని లిఫ్టు మీదికి నడిపి, లిఫ్టు నాలుగు చేతులూ సరిచూసి మీట నొక్కుతాడు. పదిహేను వందల కిలోల పైబడిన బండి మెల్లగా తల పైకి లేస్తుంది. ఇక్కడి నుంచి మాట్లాడేది అమ్మేవాడు కాదు, మెకానిక్ కాదు, బండే.

టార్చి వెలుగు ముందు చక్రం వెనక పడుతుంది. లోయర్ ఆర్మ్ చివర గుండ్రటి రబ్బరు బుష్ ఉంది. మెకానిక్ సందులో ఇనుప కడ్డీ దూర్చి పైకి నొక్కుతాడు. రబ్బరు నోరు తెరుస్తుంది. ఆ చీలికలో వేలు పట్టేంత సందు, లోపల ఎండిపోయిన నల్లటి పొడి. కడ్డీ వదిలితే "టక్". ఇందాక రోడ్డు మీద విన్నది ఇదే. "గిదే సార్ మన సప్పుడు. కుడి దిక్కు ఇంక చీలలే కానీ, ఒకటి మారిస్తే రెండు మార్వాలె."

కొంచెం వెనక్కి జరిగితే ఇంజన్ కింద తడి. ఆయిల్ ఫిల్టర్ ఉండే హౌసింగ్ గ్యాస్కెట్ గట్టిపడి, అక్కడి నుంచి ఆయిల్ చెమ్మలా దిగి, దుమ్ము పట్టి జిగురైంది. ముందు వైపు క్రాంక్ పుల్లీ రబ్బరు మీద సన్నటి పగుళ్లు. ఆ పుల్లీలో ఇనుముకీ ఇనుముకీ మధ్య రబ్బరు ఉంటుంది, ఇంజన్ అదురును తాగడానికి. అది ఊడితే బెల్టు జారిపోతుంది. జారిన బెల్టు చుట్టుకుని ఇంజన్ లోపలికి వెళ్లిన సందర్భాలూ ఉన్నాయి. గేర్‌బాక్స్ కింద నల్లటి ప్లాస్టిక్ పాన్ పొడిగా, శుభ్రంగా ఉంది. ఎప్పుడూ విప్పలేదన్న సంగతి బోల్టుల మీద దుమ్మే చెబుతోంది.

ఇక్కడ చాలామంది మోసపోతారు. ఈ గేర్‌బాక్స్ ఆయిల్ జీవితకాలం పనిచేస్తుందని, మార్చక్కర్లేదని కార్ల కంపెనీ చెప్పింది. ఆ గేర్‌బాక్స్‌ను తయారుచేసిన జర్మనీ కంపెనీ జెడ్‌ఎఫ్ మాత్రం 80 వేల నుంచి లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. ఫిల్టర్ పాన్‌లోనే కలిసి ఉంటుంది కాబట్టి పాన్ మొత్తం మార్చాలి. ఆ పని చేస్తే ఇందాకటి తోపు పోవచ్చు. ఆలస్యం చేస్తే గేర్‌బాక్స్ బాగుచెయ్యడం లక్షల్లోకి వెళ్తుంది.

టైర్ల దగ్గర మెకానిక్ గుడ్డతో పక్కగోడ తుడిచి చూపిస్తాడు. నాలుగంకెల ముద్ర: 2218. అంటే 2018వ సంవత్సరం 22వ వారంలో తయారైన టైరు. గాళ్లు లోతుగానే ఉన్నాయి, రబ్బరు మాత్రం రాయిలా గట్టిపడింది. ఇవి రన్‌ఫ్లాట్ టైర్లు. గాలి పోయినా 80 కిలోమీటర్ల వేగంతో 80 కిలోమీటర్ల దూరం వెళ్లగలవు. అందుకే ఈ బండిలో స్టెప్నీ లేదు. పక్కగోడ గట్టిగా ఉండటంతో మన గుంతల దెబ్బ నేరుగా బుష్‌లకూ చక్రాలకూ తగులుతుంది.

మళ్లీ ల్యాప్‌టాప్. ఈసారి మీటరు లెక్క. ఈ కంపెనీ బండ్లలో తిరిగిన దూరం ఒక్క మీటరులోనే ఉండదు. తాళాన్ని గుర్తుపట్టే యూనిట్‌లో, తాళంలోనే, ఇంకా కొన్ని చోట్ల రాసి ఉంటుంది. మీటరు తిప్పేవాడు అన్నింటినీ తిప్పడం అరుదు. మా వాడు ఊపిరి బిగపట్టి చూస్తున్నాడు. 82 వేలు, 82 వేలు, 82 వేలు. ఎక్కడా తేడా లేదు. సర్వీస్ పుస్తకంలో 2019 దాకా ముద్రలున్నాయి. తర్వాత ఖాళీ. అంటే బండి నిజాయితీ గలదే. దీన్ని చూసుకున్న మనిషి మారాడు, అంతే. వారంటీ కాలం అయిపోయాక, రెండో చేతికి వచ్చాక, ఈ దేశంలో చాలా లగ్జరీ బండ్ల కథ ఇక్కడే తెగిపోతుంది.

మెకానిక్ చేతులు కడుక్కుని, రాణీగంజ్‌లో తెలిసిన స్పేర్ పార్ట్స్ షాపుకు ఫోన్ చేస్తాడు. స్పీకర్ ఆన్ చేసి మాకూ వినిపిస్తాడు. ప్రతి భాగానికీ అటు నుంచి మూడు ధరలు చెబుతున్నారు: కార్ల కంపెనీ డబ్బాలో వచ్చేది ఒకటి, ఓఈఎం ఒకటి, లోకల్ ఒకటి. ఈ తేడా తెలియకపోతే ఈ బండిని పోషించలేం. లోయర్ ఆర్మ్‌లు జెడ్‌ఎఫ్ వాళ్ల లెమ్‌ఫోర్డర్ పేరుతో బజార్లో దొరుకుతాయి. ఫిల్టర్లు మాన్, మాలే పేర్లతో దొరుకుతాయి. కార్ల కంపెనీకి భాగాలు సరఫరా చేసే తయారీదారులే తమ పేరుతో తక్కువకు అమ్ముతారు, ఓఈఎం అంటే అదే. లోకల్ సరుకు మాత్రం సస్పెన్షన్‌కూ, కూలింగ్‌కూ, బ్రేకులకూ వద్దు. 2025 సెప్టెంబరు 22 నుంచి వాహన విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. అది కొంత ఊరట.

ఆ తర్వాత పాత క్యాలెండర్ కాగితం వెనక మెకానిక్ రాయడం మొదలుపెడతాడు. ఓఈఎం భాగాలతో, బయటి గ్యారేజీ కూలితో ఆయన వేసిన అంచనా ఇది. ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు: 12 వేలు. గేర్‌బాక్స్ ఆయిల్, పాన్: 45 వేలు. ఆయిల్ లీకు గ్యాస్కెట్లు: 15 వేలు. ముందు ఆర్మ్‌లు, లింక్ రాడ్లు: 35 వేలు. క్రాంక్ పుల్లీ, బెల్టు: 30 వేలు. థర్మోస్టాట్‌లు: 15 వేలు. నాలుగు టైర్లు: 60 వేలు. బ్యాటరీ: 22 వేలు. బ్యాటరీ దగ్గర మా వాడు ఆపుతాడు. "అంత ఎందుకన్నా, మామూలుది ఎనిమిది వేలకే వస్తుంది కదా?" ఈ బండికి ఏజీఎం రకం కావాలి. బిగించాక కంప్యూటర్‌లో కొత్త బ్యాటరీ అని నమోదు చెయ్యాలి. లేకపోతే బండి దాన్ని పాతదనుకుని చార్జ్ చేసి, తొందరగా చంపేస్తుంది.

మొత్తం 2 లక్షల 34 వేలు.

సందులో ఎవరూ మాట్లాడటం లేదు. మా వాడు కాగితం తీసుకుని మళ్లీ కూడతాడు. అంతే వస్తుంది. అడిగిన ధరలో మూడో వంతు. బండి చెడిపోయి కాదు. చైన్ బాగుంది, మీటరు నిజం, యాక్సిడెంట్ జాడ లేదు. పన్నెండేళ్లకు పైబడిన మంచి బండి, చెయ్యాల్సిన పని చెయ్యక ఆగిపోయిన బండి. దాని మొదటి నెల బాకీ ఇది.

"ముప్పై లక్షల బండి ఏడు లక్షలకు వస్తోందని సంబరపడ్డావు కదరా" అంటాను. "ధర తగ్గింది బండికే. భాగాలకు తగ్గలేదు. రాణీగంజ్ షాపువాడికి నీ బండి వయసుతో పని లేదు. ముప్పై లక్షల బండి భాగమనే అమ్ముతాడు."

వాడు తలాడించి, "తర్వాత ఏడాదికెంత మామయ్యా?" అంటాడు. సరైన ప్రశ్న.

మామూలు సర్వీసు, బ్రేకు ప్యాడ్లు, ఇన్సూరెన్సు, ఎప్పుడు వస్తుందో తెలియని ఒక పెద్ద పని, అన్నీ కలిపి ఏడాదికి లక్ష పక్కన పెట్టుకోవాలంటాడు మెకానిక్. అంటే నెలకు ఎనిమిది వేల పైన. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే, ఊళ్లో లీటరుకు పది పదకొండు ఇచ్చే బండికి డీజిల్ మరో తొమ్మిది వేలు. ఈఎంఐ లేకుండానే నెలకు పదిహేడు వేలు. ఇంత పాత బండికి బ్యాంకు అప్పు దొరకడం కష్టం. దొరికినా వడ్డీ కొత్త బండికంటే ఎక్కువ.

ఇన్సూరెన్సును చాలామంది ధైర్యం అనుకుంటారు. అక్కడా వయసు లెక్కే. క్లెయిమ్ చేసినప్పుడు రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు, టైర్లకు, బ్యాటరీకి సగం తరుగు తీసేస్తారు. పదేళ్లు దాటిన బండి ఇనుప భాగాలకూ సగమే ఇస్తారు. ఈ తరుగు లేకుండా చేసే జీరో డిప్ పాలసీ ఇంత పాత బండికి దొరకడం అరుదు. హెడ్‌ల్యాంపు, బంపరు అన్నీ ప్లాస్టిక్కే. ఒక చిన్న గుద్దుకు మీ జేబు నుంచి సగం పోతుంది.

వాన సంగతి ఈ ప్రాంతంలో తిరిగేవాళ్లకు చెప్పక్కర్లేదు. గట్టిగా ఒక గంట కురిస్తే మైత్రీవనం ముందు మోకాళ్ల లోతు, బల్కంపేట అండర్‌పాస్‌లో అంతకన్నా లోతు. నీళ్లలో ఆగిన ఇంజన్‌ను మళ్లీ స్టార్ట్ చేస్తే నీరు సిలిండర్లోకి వెళ్లి కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి. ఇంజన్ ప్రొటెక్షన్ కవరు లేకపోతే ఆ నష్టం ఇన్సూరెన్సులో రాదు. 2020 అక్టోబరు వరదల్లో హైదరాబాద్‌లో ఎన్నో కార్లు మునిగాయి. పాత బండి చూసేటప్పుడు సీటు బెల్టును చివరిదాకా లాగి బురద చార ఉందేమో, సీటు పట్టాల మీద, కార్పెట్ కింద తుప్పుందేమో చూడాలి. మెకానిక్ ఈ బండిలో ఆ పని కూడా చేశాడు. బెల్టు చివరిదాకా శుభ్రంగా ఉంది.

కాగితాల సంగతి. ఇది తెలంగాణ బండే, లైఫ్ ట్యాక్స్ మొదట్లోనే కట్టారు. ఫారం 29, 30లతో పేరు మారుతుంది. అప్పు ఉండి ఉంటే ఫారం 35 కావాలి. ఢిల్లీ నుంచి వచ్చిన బండ్ల సంగతి వేరు. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అప్పటి నుంచి అక్కడి బండ్లు చవగ్గా దక్షిణాదికి తరలివస్తున్నాయి. వాటికి ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. చవక అనుకున్న ధరలో ఆ పన్ను కూడా కలిపి చూసుకోవాలి. సొంత వాడకపు కారుకు ఆర్సీ గడువు 15 ఏళ్లు. మన ముందున్నదానికి 2028లో తీరుతుంది. అప్పుడు ఫిట్‌నెస్, రెన్యువల్ ఫీజు, గ్రీన్ ట్యాక్స్. పూర్తిగా విదేశంలో తయారై దిగుమతైన బండికి కేంద్రం 2022 నుంచి రెన్యువల్ ఫీజును 40 వేలు చేసింది, మామూలు కారుకు 5 వేలు.

పది దాటింది. సందులో ఎండ పడింది, కోచింగ్ పిల్లలు పుస్తకాలు పట్టుకుని పోతున్నారు. బండిని లిఫ్టు దించి పంజాగుట్టకు తిరిగి తీసుకెళ్తాం. ఈసారి అదే రోడ్డుకు ముప్పావు గంట పడుతుంది. మా వాడు కాగితం అమ్మే మనిషి ముందు పెట్టి, "నాలుగు లక్షల డెబ్బై వేలు ఇస్తానన్నా" అంటాడు. ఆయన కాగితం పూర్తిగా చదువుతాడు. ఒక్క అంకెను కూడా కాదనడు. "ఆరున్నర కంటే దిగలేను తమ్ముడూ. నా చేతికి వచ్చిందే ఆ దరిదాపుల్లో" అంటాడు. ఇద్దరి లెక్కా నిజమే. మా వాడు చెయ్యి కలిపి, తాళం ఇచ్చేస్తాడు. మెట్రో స్టేషన్ వైపు నడుస్తూ వెనక్కి చూడలేదు. ఫ్లాటు ఈఎంఐ కడుతున్నవాడు చెయ్యాల్సిన పనే చేశాడు. వాడి సంయమనానికి నేను గర్వపడుతున్నాను.

పాత లగ్జరీ బండి ఎవరూ కొనకూడదని నా మాట కాదు. కొనాల్సినవాళ్లు ఉన్నారు. ఇంట్లో రోజువారీకి ఇంకో బండి ఉన్నవాళ్లు, నమ్మకమైన మెకానిక్ ఉన్నవాళ్లు, బండి ధరలో మూడో వంతు నగదు విడిగా పెట్టుకుని, అది మొదటి ఏడాదే ఖర్చయిపోయినా నిద్రపోగలిగేవాళ్లు కొనుక్కోవచ్చు. వాళ్ల చేతిలో ఇది ఇంకా పదేళ్లు హాయిగా తిరుగుతుంది. ఉన్న డబ్బంతా ధరకే పెట్టి, మిగతాది తర్వాత చూసుకుందామనుకునేవాళ్లు మాత్రం దయచేసి ఆగండి. ఏడు లక్షలకు కొత్త చిన్న కారు వారంటీతో వస్తుంది. కొనే తీరాలనుకుంటే ఈ నాలుగు పనులూ చెయ్యకుండా అడ్వాన్సు ఇవ్వకండి: చల్లటి ఇంజన్ మీ ముందే స్టార్ట్ చేయించండి, లిఫ్టు ఎక్కించండి, స్కానర్ పెట్టించండి, చాసిస్ నంబరు మీద రీకాల్ అడగండి. వీటన్నిటికీ అయ్యే ఖర్చు ఒక టైరు ఖరీదు కంటే తక్కువ.